బొడ్డెమ్మ, బతుకమ్మ పాటల గానపద్ధతి

బొడ్డెమ్మ పాటలు, బతుకమ్మ పాటలు తెలంగాణ ప్రాంతంలో భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో బాలికలు, స్త్రీలు వలయంగా తిరుగుతూ, చప్పట్లు కొడుతూ సామూహికంగా పాడే జానపద గేయాలు. ఒకరు పాట చెప్పగా మిగిలినవారందరూ వంత పలకడం వీటి ప్రధాన లక్షణం. సంగీతశిక్షణ లేనివారు, తమకు గొంతు లేదని భావించేవారు, నలుగురిలో పాడటానికి జంకే బాలికలు సైతం మొదటి సాయంత్రమే పాల్గొనగలిగే విధంగా ఈ పాటల నిర్మాణం ఉంటుంది. పండుగల ఆచారాలను క్లుప్తంగా ప్రస్తావించి, ఈ పాటలు పాడే పద్ధతిని, కౌమార దశలోని బాలికలు వాటిని నేర్చుకునే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని బొగ్గు గనుల ప్రాంతాన్ని ఇందుకు ప్రధాన ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

పండుగల నేపథ్యం

బొడ్డెమ్మ ముఖ్యంగా పెళ్ళికాని ఆడపిల్లల పండుగ. భాద్రపద బహుళ పక్షంలో ప్రారంభమై మహాలయ అమావాస్యకు ముందు ముగుస్తుంది. సాధారణంగా తొమ్మిది రోజులు ఆడతారు. ప్రాంతాన్ని బట్టి రోజుల లెక్కలో కొంత తేడా ఉంది. పీటపై పుట్టమన్నుతో అంతస్తులుగా బొడ్డెమ్మను చేసి, ముగ్గులతోనూ పూలతోనూ అలంకరించి, సాయంత్రం వేళ దాని చుట్టూ తిరుగుతూ పాడతారు. ఆట ముగిసిన తరువాత బొడ్డెమ్మను నిద్రపుచ్చే పాట పాడటం ఆచారం. చివరి రోజున చెరువులోనో బావిలోనో నిమజ్జనం చేస్తారు. పీట బొడ్డెమ్మ, గుంట బొడ్డెమ్మ, పందిరి బొడ్డెమ్మ, అంతరాల బొడ్డెమ్మ అని దీనిలో రకాలున్నాయి.

బొడ్డెమ్మ ముగియగానే బతుకమ్మ వస్తుంది. మహాలయ అమావాస్యను తెలంగాణలో పెత్రమాస అంటారు. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో పండుగ పూర్తవుతుంది. తంగేడు, గునుగు, బంతి, కట్ల, పట్టుకుచ్చు మొదలైన పూలను వలయాలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. పెళ్ళైనవారు, కానివారు, వృద్ధులు, చిన్నపిల్లలు అందరూ ఇందులో పాల్గొంటారు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

పాడే పద్ధతి దృష్ట్యా ఈ రెండు పండుగలకు దగ్గరి సంబంధం ఉన్నది. బొడ్డెమ్మ వద్ద ఆడపిల్లలే ఉంటారు కనుక పాట చెప్పవలసినవారు కూడా వారిలోనే ఉండాలి. తప్పు పలికినా నవ్వుకొని మళ్ళీ మొదలుపెట్టే వీలుంటుంది. అక్కడ అలవాటైన పాటతో, చప్పట్ల లయతో వారు బతుకమ్మ వలయంలోకి ప్రవేశిస్తారు. ఈ విధంగా పెద్ద పండుగకు బొడ్డెమ్మ సాధనవంటిది.

వాడుకలో ఈ రెండింటినీ "ఆడటం" అంటారు. "బతుకమ్మ ఆడుదాం రా" అని పిలుస్తారు గాని "పాడుదాం రా" అని పిలవరు. పాడటం ఆటలో ఒక భాగం మాత్రమే అయినందున, ఆటకు వచ్చినవారిని పాట వచ్చునా అని ఎవరూ అడగరు.

గోదావరిఖని ప్రాంతంలో

సింగరేణి ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు వద్ద ప్రారంభమైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వం దానిలో అధిక వాటాలను కొనుగోలు చేసింది. ప్రస్తుతం తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నది. గోదావరి లోయలోని రామగుండం పరిసరాలలో 1960ల దశకం నుండి గనులు విస్తరించగా గోదావరిఖని పట్టణం పెరిగింది. ఊరి పేరులోనే నది, గని రెండూ ఉన్నాయి. రామగుండం ప్రాంతపు గనులను సంస్థ ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 అనే ఏరియాలుగా నిర్వహించింది. ఎనిమిదో నంబరు ఇంక్లయిన్ పేరు మీద వెలసిన కాలనీ వాడుకలో యైటింక్లయిన్ కాలనీగా స్థిరపడింది.

గని పని కొరకు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల పల్లెల నుండి, ఇతర ప్రాంతాల నుండి కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. గనిని ఇక్కడివారు బాయి అంటారు. పల్లెలో ఒకే ఊరివారు ఒకే తీరుగా పాడుకునే పాట, కాలనీ క్వార్టర్ల మధ్యకు వచ్చేసరికి పలు ఊళ్ళ పాటలతో కలిసింది. ఒకరి ఊరిలో ఉయ్యాలో అని వంత పలికే కథను మరొకరి ఊరిలో చందమామ అని పలకవచ్చు. ఒకే కథకు చరణాల వరుస వేరుగా ఉండవచ్చు. ఇట్టి చోట పాట మొత్తం అందరికీ తెలిసి ఉండటం సాధ్యం కాదు. పాట చెప్పే ఆమెకు చరణం తెలిస్తే చాలు, మిగిలినవారికి వంత పలుకు తెలిస్తే చాలు అనే పద్ధతి వల్లనే వేర్వేరు ఊళ్ళవారు ఒకే వలయంలో ఆడగలిగారు.

గనులలో పని మూడు షిఫ్టులుగా సాగుతుంది. రెండవ షిఫ్టుకు మధ్యాహ్నం వెళ్ళినవారు రాత్రి పొద్దుపోయాక తిరిగి వస్తారు. సాయంత్రం ఆడే బతుకమ్మ ఆ వేళకు ఇంటి వద్దనున్న స్త్రీలు, పిల్లల చేతిలో నడిచే కార్యక్రమం. 1952 నాటి గనుల చట్టం స్త్రీలు భూగర్భంలో పనిచేయడాన్ని నిషేధించింది. 2019లో కేంద్ర ప్రభుత్వం షరతులతో ఈ నిషేధాన్ని సడలించింది. అంతకుముందు దశాబ్దాలపాటు గని లోపలి పని పురుషులది. అటువంటి పట్టణంలో బహిరంగ ప్రదేశంలో స్త్రీల గొంతు ప్రధానంగా వినిపించే సందర్భంగా బతుకమ్మకు ప్రత్యేక స్థానం ఉన్నది.

పాట నిర్మాణం

జానపద గేయాలపై తెలుగులో జరిగిన తొలి విశ్వవిద్యాలయ పరిశోధనలలో బిరుదురాజు రామరాజు కృషి ముఖ్యమైనది. ఆయన గ్రంథం "తెలుగు జానపద గేయ సాహిత్యము" 1958లో వెలువడింది. స్త్రీల పాటల సాహిత్యంపై ఆ తరువాత ఎన్నో పరిశోధనలు జరిగాయి. పాటలోని కథను, భాషను పరిశీలించినంతగా, అది పాడేవారికి ఎంత సులభంగా అమరిందన్న విషయాన్ని సాధారణంగా పట్టించుకోరు. ఈ పాటలు కొత్తవారికి పట్టుబడటానికి ఈ క్రింది లక్షణాలు కారణం.

వంత పలుకు: ఉయ్యాలో, చందమామ, వలలో, కోల్, గౌరమ్మ వంటి పలుకులలో ఏదో ఒకటి పాదం చివరనో, సగం పాదం తరువాతనో తప్పక వస్తుంది. రెండు మూడు పాదాలు వినగానే అది ఎప్పుడు వస్తుందో తెలిసిపోతుంది. పాటలో ఒక్క ముక్క రాని బాలిక కూడా ఆ ఒక్క పలుకుతో గొంతు కలపవచ్చు. ఉయ్యాలో, చందమామ వంటి పలుకులలో దీర్ఘాచ్చులు ఉన్నందున పలకడం తేలిక. ఊపిరి చాలని చోట ఆపినా పక్కవారి గొంతు దానిని పూరిస్తుంది.

పునరుక్తి: చాలా పాటలలో పాట చెప్పే ఆమె ఒక పాదం పాడగా బృందం అదే పాదాన్ని తిరిగి పాడుతుంది. వినడం, పలకడం వెంటవెంటనే జరుగుతాయి. కాగితం చూడవలసిన పని లేదు. నూరు చరణాల కథాగేయమైనా పాడేవారు ఒకసారికి గుర్తుంచుకోవలసినది ఒక్క పాదమే.

స్వరాల పరిధి: వీటి వరుసలు తరచుగా కొద్ది స్వరాల మధ్యనే తిరుగుతాయి. మాట్లాడే గొంతుకు దగ్గరగా ఉండే స్థాయిలో పాట నడుస్తుంది. సినిమా పాటలలో వలె అనుపల్లవిలోనో చరణంలోనో హఠాత్తుగా పై స్థాయికి వెళ్ళవలసిన అవసరం అరుదు. గమకాలు, సంగతులు ఉండవు. వరుస ఒకసారి పట్టుబడితే అదే వరుసలో చరణాలన్నీ సాగుతాయి.

శ్రుతి: ఈ పాటలకు ముందుగా నిర్ణయించిన శ్రుతి లేదు. హార్మోనియం గాని తంబురా గాని ఉండవు. పాట చెప్పే ఆమె తన గొంతుకు అనువైన స్థాయిలో ఎత్తుకుంటుంది. బృందానికి అది మరీ హెచ్చుగా ఉంటే ఒకటి రెండు పాదాలలోనే పాట తనంతట తాను దిగుతుంది, లేదా మరొకరు తగ్గించి అందుకుంటారు.

చప్పట్లు, అడుగులు: ముందుకు వంగి చప్పట్లు కొట్టడం, నిటారుగా లేచి ఒక అడుగు పక్కకు వేయడం, మళ్ళీ వంగడం అనే కదలిక పాటకు తాళం. లయ శరీరంలోనే ఉన్నందున కాలం తప్పడం తక్కువ. అందరి చూపూ నడుమనున్న పూల మీద ఉంటుంది. పాడేవారిని ఎదుట కూర్చుని చూసే శ్రోతలు ఉండరు. జంకే బాలికకు ఇది పెద్ద ఊరట.

కౌమార దశలో గొంతు, సంకోచం

చిన్నతనంలో ధారాళంగా పాడిన పిల్లలు ఏడెనిమిది తరగతులకు వచ్చేసరికి పాడటం మానుకోవడం ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తరచుగా గమనించే విషయం. దీనికి శారీరక కారణం కూడా ఉన్నది. కౌమారంలో మగపిల్లల గొంతు సుమారు ఒక స్థాయి దిగుతుందని అందరికీ తెలుసు. ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది. స్వరపేటిక పెరిగే దశలో స్వరతంత్రులు పూర్తిగా మూసుకోక గొంతులో గాలి వినిపించడం, పై స్వరాలలో గొంతు జీరపోవడం, నిన్న అందిన స్వరం ఈ రోజు అందకపోవడం సహజం. మార్పు మగపిల్లలలో కంటే స్వల్పం కనుక ఎవరూ దానిని గుర్తించరు. ఫలితంగా "నా గొంతు బాగుండదు" అని బాలిక తనను తానే నిందించుకుంటుంది. కొంతకాలానికి గొంతు స్థిరపడుతుంది గాని, ఆ లోగా పాడటం మానిన అలవాటు మిగిలిపోతుంది.

రెండవ కారణం సామాజికమైనది. సభలో ఒంటరిగా నిలబడి పాడటం, మైకు ముందు పాడటం, బహుమతి పోటీలలో పాడటం అనే సందర్భాలు మాత్రమే ఉన్నచోట పాట కొద్దిమంది నేర్పరుల పని అయిపోతుంది. మిగిలినవారు శ్రోతలౌతారు. పుట్టుకతోనే స్వరభేదం గుర్తించలేనివారు సమాజంలో చాలా తక్కువ. తమకు పాట రాదనుకునేవారిలో అధికులకు లోపించేది అభ్యాసం, తగిన సందర్భం మాత్రమే. బొడ్డెమ్మ, బతుకమ్మ పాటలు ఈ రెండింటినీ ఏటా కొన్ని రోజులపాటు, వరుసగా, ఖర్చు లేకుండా సమకూర్చుతాయి.

పాడటం నేర్చుకునే క్రమం

ఈ పాటలను ప్రత్యేకంగా ఎవరూ పాఠంగా చెప్పరు. అయినప్పటికీ నేర్చుకోవడంలో స్పష్టమైన మెట్లు కనిపిస్తాయి.

1. చప్పట్లు: మొదట వలయంలో నిలబడి అడుగు, చప్పట్లు కలపడం. నోరు విప్పకపోయినా ఆటలో ఉన్నట్లే లెక్క.

2. వంత పలుకు: ఉయ్యాలో వంటి ఒక్క పలుకును అందరితో కలిసి పలకడం.

3. పాదం తిరిగి పాడటం: పాట చెప్పే ఆమె పాదాన్ని విని, బృందంతో పాటు మళ్ళీ పాడటం. గుంపులో తన గొంతు తనకు వినిపిస్తూ, ఇతరులకు విడిగా వినిపించని దశ ఇది. స్వరం సరిచూసుకోవడానికి ఇంతకంటే అనుకూలమైన చోటు ఉండదు.

4. పాట చెప్పే ఆమెకు తోడు: పక్కన నిలబడి, ఆమె మరచిన పాదాన్ని అందించడం, ఆమెతో పాటు ముందు పాదం పాడటం. ఇద్దరు కలిసి చెప్పడం సాధారణమే.

5. పాట ఎత్తుకోవడం: తనకు తెలిసిన చిన్న పాటను తానే మొదలుపెట్టి చెప్పడం. బొడ్డెమ్మ వద్ద ఈ అవకాశం ముందుగా వస్తుంది.

ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు వెళ్ళడానికి గడువు లేదు. ఒకరు ఒకే ఏడాదిలో పాట ఎత్తుకోవచ్చు, మరొకరు జీవితమంతా వంత పలుకుతూ ఉండిపోవచ్చు. ఇద్దరూ ఆటకు కావలసినవారే. వంత పలికేవారు లేనిదే పాట చెప్పే ఆమెకు ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. ఒక పాట ముగిసేవరకు ఆమె గొంతు నిలవడానికి బృందం పలికే పాదాలే కారణం.

కొత్తగా పాడేవారికి అనువైన పాటలు

నిర్మాణాన్ని బట్టి ఈ పాటలను సులభమైన వాటి నుండి కఠినమైన వాటి వరకు ఈ విధంగా విభజించవచ్చు.

లెక్కింపు పాటలు: ఒకటి, రెండు, మూడు అని సంఖ్యను పెంచుతూ పూలను, జాములను లెక్కిస్తూ సాగే పాటలు. ఒక చరణానికీ మరొక చరణానికీ సంఖ్య మాత్రమే మారుతుంది. మూడవ చరణానికి వచ్చేసరికి తరువాతి చరణం అందరికీ తెలిసిపోతుంది. మొదటిసారి పాట చెప్పబోయే బాలికకు ఇవి మిక్కిలి అనువైనవి.

పూల పాటలు: తంగేడు, గునుగు, బంతి, చామంతి అని పూల పేర్లను వరుసగా చెప్పేవి. పూల పేర్లు తెలిసినవారు ఎవరైనా చరణాన్ని పెంచవచ్చు. వరుస తప్పినా అర్థం చెడదు.

నిద్రపుచ్చే పాటలు, సాగనంపే పాటలు: ఆట ముగిసేటప్పుడు పాడేవి. నడక నిదానంగా ఉంటుంది. ఊపిరి నియంత్రణకు మంచి అభ్యాసం.

పుట్టింటి పాటలు: అన్న చెల్లెలిని పండుగకు తీసుకుపోవడానికి రావడం, అత్తవారి అనుమతి కోరడం, వదిన మరదళ్ళ సంభాషణ మొదలైనవి. ప్రశ్న, సమాధానం రూపంలో ఉండే పాటలను ఇద్దరు బాలికలు పంచుకొని చెప్పవచ్చు.

కథాగేయాలు: రామాయణ ఘట్టాలు, శివపార్వతుల కథలు, సంతానం కోల్పోయిన ధర్మాంగద రాజు దంపతులకు లక్ష్మీదేవి బిడ్డగా జన్మించి బతుకమ్మగా పేరుపొందిన కథ మొదలైనవి. వీటిని చెప్పడానికి జ్ఞాపకశక్తి, కథ నడిపే నేర్పు అవసరం. సాధారణంగా అనుభవజ్ఞులైన పెద్దవారు చెబుతారు. వంత పలకడానికి మాత్రం ఇవి కూడా సులభమే.

కాలానుగుణంగా కట్టిన పాటలు: పాత వరుసలో కొత్త మాటలు కూర్చినవి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలోనూ, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలోనూ ఉయ్యాల వరుసలలో ఎన్నో పాటలు వచ్చాయి. వరుస అందరికీ ముందే తెలిసినందున కొత్త పాట త్వరగా వ్యాపించింది. బాలికలు తమ బడి గురించి, తమ వాడ గురించి రెండు చరణాలు కట్టుకోవడానికి కూడా ఇదే మార్గం.

జపాను కరోకేతో పోలిక

పాడటానికి జంకేవారిచేత పాడించే ఆధునిక పద్ధతులలో ప్రపంచమంతటా తెలిసినది జపాను దేశపు కరోకే. "కరా" అంటే ఖాళీ. "ఓకే" అనేది వాద్యబృందం అనే అర్థం గల ఆర్కెస్ట్రా పదానికి జపనీయుల ఉచ్చారణలో మొదటి భాగం. అనగా గాయకుని గొంతు లేకుండా వాద్యసంగీతం మాత్రమే వినిపించేది. 1971లో కోబె నగరంలో ఇనోఉయే దైసుకే అనే వాద్యకారుడు నాణెం వేస్తే పనిచేసే ఇటువంటి యంత్రాన్ని ప్రవేశపెట్టాడు. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. మనుషులు ఒకరినొకరు సహించడం నేర్చుకునే కొత్త మార్గాన్ని కల్పించినందుకు 2004లో ఆయనకు హాస్యపూర్వకమైన ఇగ్‌నోబెల్ శాంతి బహుమతి లభించింది. 1985లో ఒకయామా ప్రాంతంలో సరుకుల కంటైనరును గదిగా మార్చి కరోకే గది నెలకొల్పారు. మద్యశాలల నుండి కరోకే విడి గదులకు మారడంతో విద్యార్థులకు, బాలికలకు అది అందుబాటులోకి వచ్చింది. అపరిచితుల ఎదుట కాక నలుగురు స్నేహితురాళ్ళ మధ్య పాడుకొనే వీలు కలిగింది.

కరోకేలో కొత్తవారు ఎంచుకొనే పాటల లక్షణాలు గమనించదగినవి. స్వరాల పరిధి తక్కువగా ఉండటం, నడక మధ్యస్థంగా ఉండటం, పల్లవి పలుమార్లు రావడం, వరుస అందరికీ తెలిసి ఉండటం ముఖ్యమైనవి. సకామోతో క్యూ 1961లో పాడిన "ఉఎ ఒ ముఇతె అరుకో" అనే పాట 1963లో "సుకియాకి" అనే పేరుతో అమెరికాలోనూ ప్రథమస్థానం పొందింది. దాని వరుస చాలావరకు ఐదు స్వరాల మీద నడుస్తుంది. మకిహరా నొరియుకి రచించగా స్మాప్ బృందం 2003లో విడుదల చేసిన "సెకై ని హితోత్సు దకె నొ హనా" అనే పాటను ఐదుగురు గాయకులు కలిసి పాడారు. పేరుకు "లోకంలో ఒకే ఒక్క పువ్వు" అని అర్థం. ఎక్కువ భాగం అందరూ ఒకే వరుసలో పాడే పాట కనుక గుంపుగా పాడటానికి అనువైనది.

ఈ లక్షణాలలో పెక్కు బతుకమ్మ పాటలలో ముందునుంచే ఉన్నాయి. భేదాలు కూడా ఉన్నాయి. కరోకే యంత్రంలో మీట నొక్కి శ్రుతిని తగ్గించుకోవాలి, బతుకమ్మలో బృందమే దానిని సవరించుకుంటుంది. కరోకేలో సాహిత్యం తెరపై కనిపిస్తుంది, బతుకమ్మలో పాట చెప్పే ఆమె నోటి నుండి వస్తుంది. కరోకేలో వంతు వచ్చినవారు ఒంటరిగా పాడతారు, బతుకమ్మలో వంతు అనేదే లేదు. సెల్‌ఫోనులో పాడుకొనే అనువర్తనాల ద్వారా తెలుగు బాలికలకు కూడా కరోకే పరిచయమైంది. గొంతు కొంత స్థిరపడి, ఒంటరిగా పాడాలనుకొనే వారికి అది ఉపయోగకరం. మొదటి మెట్టుకు మాత్రం గుంపులో కలిసిపోయే పాటయే సులభం.

జపానులోనే పాఠశాలల విషయంలో ఒక ఉదాహరణ ఉన్నది. సైతమా ప్రాంతంలోని చిచిబు నగరంలో కగెమోరి మాధ్యమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కోజిమా నొబోరు, పాట వినిపించే బడిగా తమ పాఠశాలను తీర్చిదిద్దాలని కృషి చేశాడు. 1991లో ఆయన రాసిన గీతానికి సంగీత ఉపాధ్యాయిని సకామోతో హిరోమి వరుస కట్టింది. ఆ సంవత్సరం ఉపాధ్యాయులు బడి విడిచి వెళ్ళే విద్యార్థుల కొరకు దానిని పాడారు. "తబిదచి నొ హి ని" అనే ఆ బృందగానం తరువాత జపాను అంతటా పాఠశాలల వీడ్కోలు పాటగా వ్యాపించింది.

ధ్వనిపెట్టెలు, రికార్డు పాటలు

బతుకమ్మ పాటలు క్యాసెట్లలోనూ, ఆ తరువాత సీడీలలోనూ వెలువడ్డాయి. 2010ల దశకం నుండి ప్రతి ఏటా దసరాకు ముందు కొత్త బతుకమ్మ పాటలు దృశ్యరూపంలో వార్తా ఛానళ్ళలో, యూట్యూబులో విడుదలవుతున్నాయి. వీటివల్ల వేర్వేరు జిల్లాల పాటలు అందరికీ వినిపించాయి. పాటకు దూరమైన పట్టణ కుటుంబాలకు, విదేశాలలోని తెలుగువారికి పండుగ మళ్ళీ దగ్గరైంది. పాట చెప్పేవారు లేని వాడలలో రికార్డు పాటే ఆటను నిలబెట్టింది. దీనిని కాదనలేము.

అయితే పెద్ద ధ్వనిపెట్టెలతో, డీజేలతో పాటలు వినిపించే పద్ధతి పల్లెలకు, పట్టణాలకు, గని కాలనీలకు విస్తరించిన తరువాత గానపద్ధతిలో మౌలికమైన మార్పు వచ్చింది. రికార్డులో పాట చెప్పే గొంతు, వంత పలికే గొంతులు రెండూ ముందే నిండి ఉంటాయి. వలయంలోని వారికి పలకవలసినది ఏమీ మిగలదు. శ్రుతి వృత్తిగాయనికి తగినది, నడక నృత్యానికి తగినది. దానితో గొంతు కలపాలని ప్రయత్నించిన బాలికకు తన గొంతే తనకు వినిపించదు. చప్పట్లు, అడుగులు మిగిలి, పైన చెప్పిన మెట్లలో రెండవది మొదలుకొని అన్నీ తొలగిపోతాయి. పాట ఎత్తుకునేవారు తయారుకాక, పెద్దవారితోనే చరణాలు అంతరించే ప్రమాదం ఏర్పడుతుంది. ఒక వాడలో కథాగేయం తెలిసిన ఒక్క వృద్ధురాలు ఉన్నప్పటికీ, ధ్వనిపెట్టె మోగుతున్నంతసేపు ఆమె చెప్పే పాటకు చోటు లేదు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో ధ్వనివర్ధకాలు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన పండుగల సందర్భంలో ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. నిబంధనలు శబ్దాన్ని తగ్గించగలవు గాని పాటను తిరిగి తేలేవు. అది పాడేవారి చేతిలో ఉన్నది.

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. ఆట మొదట్లో కొంతసేపు ధ్వనిపెట్టెను ఆపి నోటితోనే పాడటం, పెద్ద గుంపులో ఒకే వలయానికి బదులు చిన్న చిన్న వలయాలుగా ఆడటం, ప్రతి వలయంలో పాట తెలిసిన ఒకరు ఉండేటట్లు చూడటం, వృద్ధులకు తెలిసిన చరణాలను బాలికలచేత నోటుపుస్తకాలలో రాయించడం వంటివి ఏ వాడలోనైనా చేయదగినవి. దసరా సెలవులకు ముందు పాఠశాలలలో బతుకమ్మ ఆడించడం తెలంగాణలో పరిపాటి అయింది. అక్కడ ఒక లెక్కింపు పాటనైనా రికార్డు లేకుండా పాడిస్తే, అంతవరకు నోరు విప్పని విద్యార్థిని మొదటి వంత పలుకు పలకడానికి అవకాశం కలుగుతుంది.

ఇవి కూడా చూడండి

బతుకమ్మ
బొడ్డెమ్మ
కోలాటం
జానపద గేయాలు
గోదావరిఖని
సింగరేణి కాలరీస్ కంపెనీ
కరోకే